నలుగురూ కూర్చునే జ్ఞాపకం

*విగ్రహం ఎంత ఎత్తుండాలన్నది మనకు త్వరగానే తేలిపోతుంది. దాని కింద జనం ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం చివరిదాకా ఎవరికీ గుర్తురాదు. ఊరు మరిచిపోకూడని మనుషుల కోసం కట్టే చోటు, ఊరంతా కలుసుకునే చోటు కూడా కావాలంటే ఏం చేయాలి?*

జనవరి మొదటి వారం. సాయంత్రం ఆరు దాటింది. బెజవాడ బందరు రోడ్డు మీద స్వరాజ్య మైదానం గేటు దాటగానే ముందు ముక్కుకు తగిలేది దుమ్ము, ఆ వెంటనే మిరపకాయ బజ్జీల వాసన. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతుంటారు. స్టాళ్లలో భగవద్గీత, పెట్టుబడి గ్రంథం, గ్రూప్స్ గైడ్లు పక్కపక్కనే సర్దుకుని ఉంటాయి. చందమామ పాత సంచికల బైండు దగ్గర ఓ పెద్దాయన బేరం తెగక వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వస్తాడు. ఏలూరు నుంచీ గుంటూరు నుంచీ రైలెక్కి వచ్చినవాళ్లు చేతిసంచులు బరువెక్కాక నేల మీదే చతికిలబడి, కొన్న పుస్తకాల మొదటి పేజీలు తిరగేస్తుంటారు. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఏళ్ల తరబడి ఈ మైదానంలో ఇలాగే సాగింది.

ఇవాళ అదే నేల మీద 81 అడుగుల పీఠం, దానిపైన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉన్నాయి. 2024 జనవరి 19న ఈ స్మృతివనాన్ని ప్రారంభించారు. విస్తీర్ణం 18.81 ఎకరాలు. పుస్తకాల పండుగ వేరే మైదానాలు వెతుక్కుంది.

నగరం నడిబొడ్డున, అందరి కంటా పడేచోట అంబేడ్కర్‌కు స్థలం దక్కడం ఎప్పుడో జరగాల్సిన న్యాయం. ఆ విగ్రహం ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసుకుంటున్న తల్లిదండ్రుల ముఖాలు చూస్తే దాని విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఒక కోరిక కూడా పుడుతుంది. అంబేడ్కర్ తన పుస్తకాలు పట్టేలా ముంబై దాదర్‌లో రాజగృహ కట్టుకున్న మనిషి. తెలుగువాళ్ల పుస్తకాల పండుగకు ఆయన పాదాల చెంతకన్నా తగిన చోటు ఇంకేముంటుంది? విగ్రహమూ మైదానమూ ఒకదానికొకటి అడ్డం కావాల్సిన అవసరం లేదు. ఆ రెండింటినీ కలిపి గీయడం చేతకావాలి, అంతే.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణముంది. అమరావతిలో పొట్టి శ్రీరాములు స్మృతివనానికి 2025లో శంకుస్థాపన జరిగింది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన చేసిన 58 రోజుల దీక్షకు గుర్తుగా విగ్రహం 58 అడుగులు ఉంటుందన్నారు. ఎత్తు తేలింది. తేలాల్సినవి ఇంకా ఉన్నాయి.

దండ వేసే రోజు, వేయని రోజులు

మన స్మారకాలకు ఏడాదిలో రెండు రోజులే పని. జయంతి, వర్ధంతి. ఆ రోజు తెల్లవారుజామునే నీళ్లు కొట్టి కడుగుతారు, షామియానా వేస్తారు, నిచ్చెన తెస్తారు. దండలు పడతాయి, నినాదాలు మోగుతాయి, మధ్యాహ్నానికి ఖాళీ. మిగతా 363 రోజులు గ్రిల్లుకు తాళం. లోపల గడ్డి, బయట బజ్జీల బండి.

దీన్ని గమనించే కాబోలు, కొత్తగా కట్టేవాటిలో సమావేశ మందిరాలు కూడా చేరుస్తున్నారు. 2023 జూన్ 22న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రారంభమైన తెలంగాణ అమరుల జ్యోతి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన పెద్ద ప్రమిద. దాని లోపల మ్యూజియం, సభామందిరం ఉన్నాయి. విజయవాడ స్మృతివనం ప్రణాళికలోనూ 2,000 మంది పట్టే కన్వెన్షన్ సెంటర్ ఉంది. ఆలోచన మంచిదే. కానీ మందిరానికి బుకింగ్ ఉంటుంది, అద్దె ఉంటుంది, ఆహ్వానపత్రిక ఉంటుంది. పని లేకుండా వెళ్లి కూర్చోవడం అక్కడ కుదరదు. పదిమంది కూడే చోటుకు అసలు లక్షణం ఏమిటంటే, ఎందుకొచ్చావని అడిగేవాడు లేకపోవడం.

కీ.శే. అని రాసిన సిమెంటు బెంచీ

పల్లె బస్టాపులో సిమెంటు బెంచీ వీపు మీద అక్షరాలు చూడని తెలుగువాడు ఉండడు. "కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి కుమారులు." ఏటా రంగు వేయక సగం అక్షరాలు చెరిగి ఉంటాయి. ఎండలో నడిచొచ్చిన ముసలమ్మ దాని మీదే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటుంది. పక్కనే తాటాకు పందిరి కింద చలివేంద్రం, తడిగుడ్డ చుట్టిన కుండలు. అదీ ఎవరి జ్ఞాపకార్థమో అయ్యుంటుంది. బడిలో ఒక గది, శ్మశానంలో రేకుల షెడ్డు, గుడి దగ్గర బోరింగు, ఊరి చివర రావి వేప కలిపి నాటి చుట్టూ కట్టిన అరుగు. పోయినవాళ్ల పేరు బతికున్నవాళ్ల అవసరానికి ముడివేయడం మన ఊళ్లకు తరతరాలుగా వచ్చిన అలవాటు. సత్రాలు, బావులు, చెరువులు అలా పుట్టినవే.

ఇందులో ఒక నేర్పు ఉంది. బెంచీ కట్టించిన కొడుకు ఊళ్లో వాళ్లందరినీ తన తండ్రిని తలుచుకొమ్మని అడగలేదు. కూర్చోమన్నాడు. కూర్చున్నవాళ్లలో ఒకరో ఇద్దరో, ఎప్పుడో ఒకప్పుడు, "ఎవరీయన?" అని అడుగుతారు. పక్కనున్న పెద్దమనిషి కథ మొదలుపెడతాడు. ఆ కథ చెప్పడానికి ఇద్దరు మనుషులు, కాసేపు తీరిక, కొంచెం నీడ కావాలి. మన పెద్ద స్మారకాలు ఎక్కువగా ఎగ్గొడుతున్నది ఈ మూడింటినే.

గన్‌పార్కు ఎందుకు బతికింది

హైదరాబాద్ అసెంబ్లీ ఎదురుగా ఉన్న గన్‌పార్కు అమరవీరుల స్తూపం ఎత్తులో ఇప్పటి విగ్రహాల ముందు ఎంతో చిన్నది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో నేలకొరిగినవాళ్ల కోసం కట్టింది. వాళ్ల సంఖ్య 369 అన్నది ఉద్యమకారుల లెక్క. 1970 ఫిబ్రవరి 23న అప్పటి నగర మేయర్ ఎస్.లక్ష్మీనారాయణ శంకుస్థాపన చేశారు. శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతుల్లో అది 1975 నాటికి పూర్తి రూపానికి వచ్చింది.

దగ్గరికెళ్లి చూడండి. అడుగున నల్లరాయి పీఠం. దాని పక్కల తూటాలు దిగినట్టు గుంటలు. లెక్కపెడితే వైపుకు తొమ్మిది. అప్పటి తెలంగాణ జిల్లాలు అన్నే. దాని మీద ఎర్రరాతి స్తంభం నిలువు గీతలతో పైకి లేచి, చివర తెల్లటి పువ్వుగా విచ్చుకుంటుంది. మనిషి బొమ్మ ఎక్కడా లేదు. ఏ ఒక్కరి ముఖమూ లేదు కాబట్టే ఏ తల్లి అయినా అక్కడ తన కొడుకును చూసుకోగలిగింది.

ఈ స్తూపం బతకడానికి శిల్పం ఎంత కారణమో చోటూ అంతే కారణం. ఎదురుగా శాసనసభ. గోడు చెప్పుకోవాల్సినవాళ్లు ఎలాగూ అటే వస్తారు. చెట్ల నీడ ఉంది, నలుగురు నిలబడేంత ఖాళీ ఉంది. మలిదశ తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు, ఉద్యోగులు, లాయర్లు, కళాకారులు ఊరేగింపు మొదలుపెట్టాలంటే గన్‌పార్కు, కొవ్వొత్తులు వెలిగించాలంటే గన్‌పార్కు, అరెస్టు కావాలన్నా గన్‌పార్కే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చాక కూడా అసెంబ్లీ సమావేశాల నాడు పార్టీలు ముందు ఇక్కడే తల వంచి లోపలికి వెళ్తున్నాయి. అధికారంలో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే రాయి దగ్గర నిలబడే చోటు ఒక రాజధానికి ఉండటం చిన్న సంగతి కాదు.

> పేర్లు ఏ వరుసలో రాయాలి?
>
> అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ మృతుల స్మారకానికి పోటీ పెడితే 1,421 నమూనాలు వచ్చాయి. గెలిచింది 21 ఏళ్ల ఆర్కిటెక్చర్ విద్యార్థిని మాయా లిన్. 1982లో పూర్తయిన ఆ నల్లరాతి గోడ మీద 58,000 పైచిలుకు పేర్లు ఉన్నాయి. అక్షరక్రమంలో కాదు, చనిపోయిన తేదీల వరుసలో. ఒకే రోజు ఒకే చోట పోయిన మిత్రుల పేర్లు అందువల్ల పక్కపక్కనే ఉంటాయి. గోడ చాలావరకు మనిషికి అందే ఎత్తులో ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఇంటికి పట్టుకెళ్తారు.

భుజ్ కొండ మీద వాన నీళ్లు

2001 జనవరి 26. గణతంత్ర దినం, ఉదయం 8.46. గుజరాత్‌లోని కచ్ నేల కంపించింది. అంజార్ పట్టణంలో జెండాలు పట్టుకుని ఇరుకు వీధిలో కవాతుగా వెళ్తున్న బడిపిల్లల మీద రెండు పక్కల ఇళ్లూ కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది టీచర్లు అక్కడికక్కడే పోయారు. జిల్లా మొత్తంలో పోయినవాళ్లు దాదాపు 13,000 మంది.

ఇంత దుఃఖానికి ఏం కట్టాలి? భుజ్ పట్టణాన్ని ఆనుకుని భుజియో కొండ ఉంది. పైన పాతకోట, నాగదేవత గుడి. నాగపంచమికి తిరునాళ్ల జరుగుతుంది. అంటే ఆ కొండ అంతకుముందు నుంచే ఊరివాళ్లది. స్మృతివనానికి దాన్నే ఎంచుకోవడంలో సగం పని అయిపోయింది. 470 ఎకరాలు. ఆర్కిటెక్ట్ రాజీవ్ కథ్‌పాలియా. 2022 ఆగస్టు 28న ప్రారంభించారు. అంజార్ పిల్లల స్మారకాన్నీ ఆ రోజే ప్రారంభించారు.

అక్కడి ముఖ్యమైన కట్టడాలు చెక్‌డ్యాములు. కచ్‌లో వాన అరుదు. పడ్డ నాలుగు చినుకులూ రాతికొండ మీద నుంచి జారిపోతాయి. ఆ నీరు పారే దారుల్లో అడ్డంగా గోడలు కట్టి 50 దాకా చిన్న చిన్న జలాశయాలు చేశారు. ఆ గోడలకే పోయినవాళ్ల పేర్ల పలకలు బిగించారు. వాన పడితే నీళ్లు ఆ పేర్ల దగ్గర ఆగుతాయి, నిలుస్తాయి, మెల్లగా ఇంకుతాయి. ఆ చెమ్మతో చుట్టూ నాటిన లక్షల మొక్కలు వేళ్లూనుకుంటాయి. పేరు చూసుకోవడానికి వెళ్లినవాళ్లకు నీళ్లు కనిపిస్తాయి, షికారుకు వెళ్లినవాళ్లకు పేర్లు కనిపిస్తాయి. మ్యూజియం, భూకంపాన్ని కళ్లకు కట్టే గది ఎలాగూ ఉన్నాయి. కానీ ఇన్ని స్మారకాల్లో ఈ రచయిత మనసును పట్టేసింది ఆ గోడలే. కరువు నేలకు ఏం కావాలో కనుక్కుని, ఆ పనిని పోయినవాళ్ల పేరు మీద చేయడం.

అనంతపురంలోనో పాలమూరులోనో ఎవరి పేరు నిలబెట్టాలన్నా కాగితం మీద విగ్రహం గీసేముందు ఈ కొండను ఒకసారి చూసి రావాలి.

ఉప్పెన నేర్పిన కట్టడం

మనకూ ఇలాంటి గాయం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. తాటిచెట్టును వాటేసుకుని రాత్రంతా వేలాడి బతికినవాళ్లు, చేతిలోంచి బిడ్డ జారిపోయిన తల్లులు ఆ లంకల్లో ఇప్పటికీ ఉన్నారు. స్తూపాలు కట్టారు, ఏటా నవంబరు 19న నివాళులు అర్పిస్తారు. కానీ ఆ ఉప్పెనకు అసలైన స్మారకం ఏదని అడిగితే తీరం పొడవునా లేచిన తుఫాను షెల్టర్లను చూపించాలి.

ఆ కట్టడాన్ని గమనిస్తే దానిలోని తెలివి అర్థమవుతుంది. స్తంభాల మీద ఎత్తుగా నిలబెడతారు, కిందంతా ఖాళీ. ఉప్పెన వస్తే నీళ్లు కింద నుంచి పారిపోతాయి, జనం పైన ఉంటారు. తుఫాను ఏడాదికి ఒకటో రెండో రోజులు. మిగతా రోజుల్లో? పైన బడో అంగన్‌వాడీయో నడిపిస్తే, కింది నీడలో గ్రామసభ పెట్టొచ్చు, వలలు అల్లుకోవచ్చు, పెళ్లి భోజనాలు వడ్డించుకోవచ్చు. 2011 తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్ర, ఒడిశా తీరాల్లో కట్టినవాటికి బహుళ ప్రయోజన షెల్టర్లని పేరు పెట్టింది ఇందుకే. వాడుకలో ఉన్న భవనానికి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుస్తుంది. మెట్లు ఎటున్నాయో పిల్లలకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. వాడకుండా తాళం వేసి ఉంచినదానికి పెచ్చులూడి, ఇనుప చువ్వలు తేలి, తీరా తుఫాను నాటికి అదే ప్రమాదంగా మారుతుంది.

స్మారకాలకూ ఇదే వర్తిస్తుంది. రోజూ పదిమంది వాడే చోట బల్బు పోతే ఆ రాత్రే ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ రాని చోట రాయి పగిలినా వచ్చే వర్ధంతి దాకా తెలియదు.

> అబర్‌ఫాన్‌లో ఏం చేశారు?
>
> బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌ఫాన్ బొగ్గుగనుల ఊరు. 1966 అక్టోబరు 21న గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోతే అందులో 116 మంది పిల్లలు. ప్రపంచం నలుమూలల నుంచీ విరాళాలు వచ్చాయి. బడి ఉన్నచోట స్మారక తోట వేశారు. ఊళ్లో సామాజిక కేంద్రం కట్టుకున్నారు. 1973లో ఎలిజబెత్ రాణి దాన్ని ప్రారంభించారు. తలుచుకోవడానికి తోట, కలుసుకోవడానికి భవనం. ఒకే ఊళ్లో రెండూ.

ఏడుపు పక్కన ఆట

ఇక్కడ ఒక నిజమైన చిక్కు ఉంది. బిడ్డ పేరు చెక్కిన రాతి ముందు ఒక తల్లి నిలబడి ఉంటే, పక్కనే కుర్రాళ్లు క్రికెట్ ఆడుకోవచ్చా? సెల్ఫీలు దిగొచ్చా? బెర్లిన్‌లో నాజీలు చంపిన యూదుల స్మారకంగా 2005లో 2,711 కాంక్రీటు దిమ్మెలు నిలబెట్టారు. జనం వాటి మీద కూర్చుంటారు, పిల్లలు దూకుతారు, నవ్వుతూ ఫొటోలు దిగుతారు. అది అవమానమని బాధపడినవాళ్లున్నారు. దాన్ని గీసిన పీటర్ ఐజన్‌మన్ మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

ఆ బాధను తీసిపారేయలేం. అయితే దానికి మందు గేటు మూయడం కాదు, చోటును గీయడంలోనే ఉంది. పేర్లున్న చోటును ఆటస్థలం నుంచి కాస్త దూరంగా, నాలుగు మెట్ల కిందికో చెట్ల వరుస వెనక్కో పెడితే చాలు. చప్పుడు అక్కడికి పలచబడి వస్తుంది. మన దర్గాల దగ్గరా ఏటి ఒడ్డు గుళ్ల దగ్గరా ఇదే కదా ఏర్పాటు? బయట జాతర, రంగులరాట్నం, జీళ్ల కొట్టు. లోపలికి వెళ్లేకొద్దీ గొంతులు వాటంతటవే తగ్గుతాయి. ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కర్లేదు.

పైగా దుఃఖంలో ఉన్నవాళ్లందరూ నిశ్శబ్దాన్నే కోరుకుంటారనుకోవడం కూడా పొరపాటు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పిల్లల అరుపులు వినపడే చోటే ఊరట కావచ్చు. అందుకే గీయకముందు వాళ్లను అడగాలి. మన దగ్గర స్మారకం కట్టేటప్పుడు కాంట్రాక్టరుతో మాట్లాడినన్నిసార్లు కుటుంబాలతో మాట్లాడం. శంకుస్థాపన నాడు శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టడం అడగడం కిందికి రాదు.

టెండరులో రాయనివి

మే నెల ఎండలో గ్రానైటు పరిచిన నేల మీద చెప్పుల్లేకుండా నడిచి చూడాలి. ప్రతి స్మారకానికీ గ్రానైటే కావాలనే అధికారులకు ఈ పరీక్ష పెట్టాలి. మన ఎండకు మట్టి, గడ్డి, కడపరాయి, దాని మీద చెట్టునీడ. కూర్చునే అరుగు మోకాలి ఎత్తుకు మించకూడదు. మోకాళ్ల నొప్పులవాళ్లు లేవడానికి పట్టుకునే ఆసరా ఉండాలి. చక్రాల కుర్చీ వెళ్లేలా ఏటవాలు దారి వెనకవైపు కాదు, ముందువైపే ఉండాలి.

ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడ అన్నది అన్నింటికన్నా ముందు తేలాలి. అది లేని చోట ఆడవాళ్లు అరగంటకు మించి ఉండరు. వాళ్లు లేనిచోట పిల్లలుండరు, ముసలివాళ్లుండరు. ఇక మిగిలేది దండలు వేసే మగవాళ్లే. దీపాలు విగ్రహం ముఖం మీద పడితే సరిపోదు, నడిచే దారి మీద కూడా పడాలి. తాగునీటి కుళాయి పనిచేయాలి. ఊడ్చే మనిషికి నెలనెలా జీతం రావాలి. కట్టడానికి కోట్లు మంజూరు చేసే ఉత్తర్వులోనే ఇరవై ఏళ్ల నిర్వహణ ఖర్చు కూడా రాయకపోతే, పని సగమే ఒప్పుకున్నట్టు.

చెట్లు ముందు నాటాలి. శిల్పం రెండేళ్లలో తయారవుతుంది, రావిచెట్టు నీడకు పదేళ్లు పడుతుంది. మనం అన్నీ అయిపోయాక ప్రారంభోత్సవానికి వారం ముందు కుండీల్లో మొక్కలు తెచ్చి పెడతాం.

మైలాపూరు ఇల్లు, అమరావతి వనం

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టింది మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం మనకు రాలేదు. ఆ ఇంటిని స్మారక భవనంగా నిలబెట్టుకున్నారు. చెన్నై తెలుగువాళ్లు అక్కడ సాహిత్య సభలు పెట్టుకుంటారు, ఉపన్యాసాలు వింటారు, కబుర్లు చెప్పుకుంటారు. రాష్ట్రం కోసం ప్రాణం పోయిన గడప, రాష్ట్రం దాటి ఉండిపోయిన తెలుగువాళ్లకు కూడలి అయింది.

అమరావతిలో గీసేవాళ్లు ఆయన జీవితంలోకి ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. దీక్షకు ముందు నెల్లూరు వీధుల్లో ఆయన అట్టముక్కల మీద హరిజనోద్ధరణ నినాదాలు రాసి తగిలించుకుని తిరిగేవారు. మండుటెండలో చెప్పులుండవు, గొడుగుండదు. చూసినవాళ్లు పిచ్చివాడన్నారు. 1946లో మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష చేసి, తలుపులు తీయించారు. మూసిన తలుపు తీయించడానికి అన్నం మానేసిన మనిషి పేరున కట్టే వనానికి గేటు ఎలా ఉండాలి? టికెట్టు ఉండొచ్చా? ఎండలో చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి దగ్గరికి వచ్చేవాళ్ల అరికాళ్లు కాలొచ్చా?

అక్కడ నాటాల్సిన వేప, రావి, కానుగ మొక్కలను ఈ వానాకాలమే నాటాలి. విగ్రహం చుట్టూ అరుగులు రావాలి, కుళాయి రావాలి. గేటుకు తాళం ఎన్ని గంటలకు వేస్తారో ప్రణాళికలోనే రాయాలి. మధ్యాహ్నం పూట మాత్రం వేయొద్దు. రాజధాని కడుతున్న కూలీలు సద్ది విప్పుకునే వేళ అదే.